బుర్ర తిరిగితే సెలైనేనా? చెవిని చూసేదెవరు?

పలాస నుంచి వజ్రపుకొత్తూరు దాకా, మందస నుంచి కవిటి దాకా ఏ ఊరికి వెళ్ళినా ఈ మాట వినిపిస్తుంది: "ఏటో బాబూ, బుర్ర తిరిగిపోతంది." ఆ మాట అన్న మనిషికి నలభై దాటి ఉంటే ఇంట్లోవాళ్ళ గుండె గుభేలుమంటుంది. ఉద్దానం కదా! కిడ్నీ జబ్బు పట్టుకుందేమోనని భయం. ఆ భయంలో మనవాళ్ళు రెండు దారులు తొక్కుతున్నారు. కొందరు ఏ పరీక్షా లేకుండా ఊళ్ళో ఆర్.ఎం.పి. వైద్యుణ్ణి పిలిచి సెలైన్ సీసా ఎక్కించుకుంటారు. కొందరు రక్తపరీక్షకు పరుగెత్తి, క్రియాటినిన్ బాగానే ఉందని తెలియగానే "ఏ జబ్బూ లేదు, నీరసమే" అని ఊరుకుంటారు. రెండు దారుల్లోనూ చెవిని మాత్రం ఎవరూ చూడటం లేదు.

మా చిన్నాన్న సంగతే చెబుతాను. ఆయన కొబ్బరి, జీడి తోటల రైతు. చిన్నప్పటి నుంచి ఎడమ చెవి కారేది. జలుబు చేస్తే కారడం, తగ్గితే ఆగడం. "కారనీ, లోపలి చెడు పోతుంది" అనేవారు పెద్దలు. యాభై దాటాక ఆ చెవిలో పోటు మొదలయింది. మరికొన్నాళ్ళకు తల తిరగడం మొదలయింది. పోటుకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి బిళ్ళలు రోజుకు రెండు చొప్పున ఏడాదికి పైగా మింగాడు. తల తిరుగుడుకు సెలైన్లు ఎక్కించుకున్నాడు. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు మెడ నరం అన్నారు, మరొకరు తలకు స్కానింగ్ రాశారు.

చివరకు విశాఖపట్నంలో ఒక చెవి డాక్టరు, చెవి రంధ్రం ముందుండే మెత్తని బుడిపెను వేలితో లోపలికి నొక్కి చూశారు. నొక్కగానే చిన్నాన్నకు గది అంతా తిరిగింది. చెవి లోపల చర్మపు పొర గడ్డలా పెరిగి ఎముకను తినేసిందనీ, ఒంటి తూకం చూసే గొట్టం దాకా వచ్చిందనీ, ఆపరేషన్ తప్పదనీ ఆయన చెప్పారు. ఆపరేషన్ జరిగింది. తల తిరగడం తగ్గింది. ఆ చెవికి వినికిడి మాత్రం తిరిగి రాలేదు. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగి ఉందని బయటపడింది. బిళ్ళల వల్లనా, మన ప్రాంతపు జబ్బు వల్లనా అని అడిగితే, "రెండూ ఉండవచ్చు, ఇకమీదట ఆ బిళ్ళలు ముట్టవద్దు" అన్నారు డాక్టరుగారు.

చెవికి రావలసిన వైద్యం చెవికి అందలేదు. అందని వైద్యానికి బదులు మింగిన బిళ్ళలు కిడ్నీల మీద పడ్డాయి. ఇది మా ఇంటి ఒక్కరి కథ అయితే పత్రికకు రాయవలసిన పని లేదు.

చెవికి రెండు పనులు

చెవి వినడానికే అని మనం అనుకుంటాం. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో ఉండే భాగం వింటుంది. దాని పక్కనే అరచక్రాల్లా వంగిన మూడు సన్నని గొట్టాలు ఉన్నాయి. వాటినిండా నీరు. మనం తల ఎటు తిప్పితే అటు ఆ నీరు కదిలి, తల ఎటు తిరిగిందో మెదడుకు తెలుపుతుంది. రెండు చెవులూ, కళ్ళూ, పాదాలూ పంపే కబుర్లు ఒకదానితో ఒకటి సరిపోతే మనిషి నిలకడగా నిలుస్తాడు. ఒక చెవి తప్పుడు కబురు పంపితే, మనిషి కదలకపోయినా లోకం గిరగిరా తిరిగినట్టు ఉంటుంది. వాంతి కూడా వస్తుంది.

ఈ సంగతి ఒకప్పుడు పెద్ద డాక్టర్లకే తెలియదు. తల తిరగడమంటే మెదడు జబ్బేనని, మూర్ఛ వంటిదని అనుకునేవారు. 1861లో పారిస్‌లో ప్రాస్పర్ మెనియే అనే వైద్యుడు, తల తిరుగుడు లోపలి చెవి నుంచి కూడా వస్తుందని చెప్పాడు. ఆ తర్వాత వియన్నాలో రాబర్ట్ బరానీ, చెవిని చల్లని నీళ్ళతో కడిగినా, వేడి నీళ్ళతో కడిగినా రోగులకు తల తిరగడం గమనించాడు. దాన్ని ఆధారం చేసుకుని చెవి తూకాన్ని పరీక్షించే పద్ధతి కనిపెట్టాడు. ఆ కృషికే 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి ఆయనకు దక్కింది. చుక్కల మందు సీసాను కాసేపు అరచేతిలో పట్టుకుని, ఒంటి వేడికి వచ్చాక వేయమని డాక్టర్లు చెప్పడానికి కారణం ఇదే. చల్లని చుక్క పడితే మంచి చెవి ఉన్నవాడికీ తల తిరుగుతుంది.

ఏ రకం తిరుగుడో చెప్పగలగాలి

డాక్టరు దగ్గర "తల తిరుగుతోంది" అంటే చాలదు. ఎలా తిరుగుతోంది, ఎంతసేపు, ఎప్పుడు అన్న మూడు సంగతులు చెప్పగలిగితే సగం రోగం అక్కడే తెలుస్తుంది.

మంచం మీద పక్కకు ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు, వంగి లేచినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగి నిమిషం లోపే ఆగిపోతే, అది చాలావరకు చెవిలోని సున్నపు రవ్వలు వాటి చోటు నుంచి జారి గొట్టాల్లో పడటం వల్ల వచ్చేది. పెద్ద వయసువారిలో ఎక్కువ. దీనికి మందు కంటే, డాక్టరు రోగిని బల్ల మీద పడుకోబెట్టి తలను ఒక వరుసలో తిప్పే చికిత్సే ప్రధానం. పది నిమిషాల పని. చాలామందికి ఒకటి రెండుసార్లతోనే తగ్గిపోతుంది. దీనికి నెలల తరబడి బిళ్ళలు మింగేవారు మన పల్లెల్లో తక్కువేమీ కారు.

గంటల తరబడి తిరిగి, దానితోపాటు ఒక చెవి బిగుసుకున్నట్టు ఉండి, హోరు వినిపించి, వినికిడి తగ్గుతూ పోతే అది మెనియే పేరుతో పిలిచే జబ్బు కావచ్చు. జలుబో జ్వరమో తగ్గిన తర్వాత ఉన్నట్టుండి మొదలై, రోజుల తరబడి మంచం దిగనివ్వకపోతే తూకపు నరానికి వాపు వచ్చి ఉండవచ్చు. చెవి కారుతూ తల కూడా తిరుగుతుంటే, మా చిన్నాన్నకు వచ్చినలాంటిది కావచ్చు. దానిని ఒక్కరోజు కూడా వాయిదా వేయరాదు.

అన్ని తిరుగుళ్ళూ చెవివి కావు. కూర్చుని లేచినప్పుడు కళ్ళు బైర్లు కమ్మితే బి.పి. పడిపోవడమో, రక్తం తక్కువవడమో, ఎండలో తోటపని చేసి నీరు కోల్పోవడమో, బి.పి. మందు ఎక్కువవడమో చూడాలి. షుగరు మందు వేసుకునేవారికి షుగరు పడిపోయినా ఇలాగే ఉంటుంది. డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజున బి.పి. తగ్గి తల తిరగడం కూడా ఉంది. అందుచేత కిడ్నీ పరీక్ష వద్దని ఎవరూ అనడం లేదు. బి.పి., రక్తం, షుగరు, క్రియాటినిన్ చూడవలసిందే. వాటితోపాటు చెవినీ చూడాలి.

కారణం తేలేదాకా చెట్టెక్కరాదు. కొబ్బరిచెట్టు మీద అర నిమిషం తల తిరిగినా ప్రాణం మీదికి వస్తుంది. వేటకు సముద్రం మీదికి వెళ్ళేవారికీ, జీడిపిక్కల పరిశ్రమల్లో మరల దగ్గర పనిచేసేవారికీ, టెక్కలి వైపు గ్రానైటు క్వారీల్లో అంచున నిలబడేవారికీ ఇదే మాట. మేస్త్రీలు, యజమానులు కూడా అలాంటి మనిషికి నాలుగు రోజులు కింద పని చూపించాలి.

చెవిపోటు ఎక్కడి నుంచి?

పిల్లలకు జలుబు చేశాక రాత్రివేళ వచ్చే పోటు చాలావరకు చెవి పొర వెనుక చీము పట్టడం వల్ల వస్తుంది. పెద్దలకు వానాకాలంలో చెరువులోనో, సముద్రంలోనో మునిగి వచ్చాక చెవి ముట్టుకుంటేనే నొప్పి పెడితే, అది బయటి గొట్టంలో పుండు, లేదా బూజు. గుబిలి గట్టిపడి నీరు తగలగానే ఉబ్బినా పోటే. వీటిలో ఏదైనా సరే, మనం చేసే పని ఒకటే. అగ్గిపుల్ల, పిన్నీసు, కోడి ఈక పెట్టి తిప్పుతాం. కాచిన నూనె, వెల్లుల్లి నూనె, ఆకు పసరు పోస్తాం. గుబిలి చెవికి దేవుడిచ్చిన కాపలా. దాన్ని పుల్లతో తీస్తే లోపలికే పోతుంది. చెవి పొరకు చిల్లు ఉంటే పోసిన నూనె, పసరు తిన్నగా లోపలి గదిలోకి వెళ్ళి చీము పట్టిస్తుంది. కారే చెవిలో నూనె పోయరాదు, నీరు పోనీయరాదు. స్నానం చేసేటప్పుడు దూదికి కాస్త వ్యాజలీన్ రాసి చెవికి అడ్డం పెట్టుకుంటే చాలు.

షుగరు ఉన్న పెద్దవారికి రాత్రి నిద్ర పట్టనీయని చెవిపోటు వస్తే దాన్ని మామూలు పోటు అనుకోరాదు. పుండు ఎముకలోకి దిగే ప్రమాదం ఉంది.

మన తీరప్రాంతం వారు ప్రత్యేకంగా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. పోటు ఒక పక్క చెవిలోనే ఉంటుంది. చెవి చూస్తే శుభ్రంగా ఉంటుంది. అప్పుడు నొప్పి పుట్టిన చోటు వేరు. పుచ్చిన పన్ను కావచ్చు, దవడ కీలు కావచ్చు, గొంతులోనో నాలుక మొదట్లోనో పుండు కావచ్చు. వాటి నరాలు, చెవి నరాలు ఒకే దారిన పోతాయి కాబట్టి నొప్పి చెవిలో తెలుస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్ళలో, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు పాతది. ఈ అలవాటుపై ఆంధ్రప్రదేశ్ గ్రామాల్లో 10,169 మంది అంగిళ్ళను పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అడ్డపొగ అంగిలి మీద చూపే చెరుపు డాక్టర్లకు కొత్త సంగతి కాదు. చుట్ట కాల్చే అమ్మకు, అవ్వకు మూడు వారాలైనా తగ్గని చెవిపోటు ఉంటే, నోరు తెరిపించి గొంతు కూడా చూపించండి. తొలి దశలో పట్టుకుంటే నయమయ్యే జబ్బు అది.

కిడ్నీ సీమలో చెవి వైద్యం

ఉద్దానం కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇంకా తేలలేదు. తేలేదాకా ఉన్న కిడ్నీలను కాపాడుకోవడమే మన చేతిలో ఉన్నది. చెవి విషయంలో రెండు ప్రమాదాలు గుర్తుంచుకోవాలి.

మొదటిది, నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ వంటివి చెవిపోటును ఆ పూటకు చంపుతాయి గాని చెవి రోగాన్ని నయం చేయవు. కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని అవి తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి పనిచేసే మనిషికి, అప్పటికే కిడ్నీ కొంత దెబ్బతిన్న మనిషికి ఇంకా చెరుపు. నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్‌ను డాక్టరు చెప్పిన మోతాదులో వాడుకుని, వెంటనే చెవి చూపించుకోవడం మేలు.

రెండవది దీనికి తిరగబడిన ప్రమాదం. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ అనే ఇంజక్షన్లు ఉన్నాయి. క్షయకు మందుగా 1943లో అమెరికాలో స్ట్రెప్టోమైసిన్ దొరికినప్పుడు లోకమంతా సంతోషించింది. వాడటం మొదలైన కొద్దికాలానికే కొందరికి తల తూలడం, చెవుడు రావడం డాక్టర్లు గమనించారు. ఈ మందులు ఒంట్లోంచి కిడ్నీల ద్వారానే బయటకు పోవాలి. కిడ్నీ పనిచేయని మనిషిలో అవి నిలిచిపోయి, లోపలి చెవిలోని సన్నని కణాలను చంపుతాయి. ఆ కణాలు మళ్ళీ మొలవవు. రెండు చెవులూ ఒకేసారి దెబ్బతింటే లోకం గిర్రున తిరగదు. నడిస్తే తూలు వస్తుంది. చీకట్లో అడుగు పడదు. నడుస్తున్నప్పుడు ఎదురుగా ఉన్న ఇల్లు, చెట్టు ఊగినట్టు కనిపిస్తాయి. ఒంటి నీరు తగ్గడానికి ఇచ్చే ఫ్రూసెమైడ్ ఇంజక్షన్ పెద్ద మోతాదులో పడినా చెవికి ముప్పే. రెండూ కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ.

ఈ మందులు అసలు వాడరాదని కాదు. ప్రాణం కాపాడే సమయాలు ఉన్నాయి. అప్పుడు కిడ్నీ పరీక్ష చూసి మోతాదు తగ్గించి ఇవ్వడం డాక్టర్ల పని. ఏ పరీక్షా లేకుండా జ్వరానికీ, పుండుకూ పల్లెలో పొడిచేయడమే తప్పు. కాబట్టి ఉద్దానం మనిషి ఏ వైద్యుడి దగ్గరికి వెళ్ళినా మొదటి మాటగా, "మాది ఉద్దానం, నా క్రియాటినిన్ ఇంత ఉంది" అని చెప్పాలి. ఆ చీటీ జేబులో ఉంచుకోవాలి. "ఈ ఇంజక్షన్ చెవికి, కిడ్నీకి చెరుపు చేసేదా?" అని అడగడానికి మొహమాటపడరాదు.

తల తిరుగుడు ఆపడానికి ఇచ్చే సిన్నరిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ బిళ్ళలు కూడా మొదటి కొద్ది రోజులకే. నెలల తరబడి వాడితే, కొత్త తూకానికి మెదడు అలవాటు పడటం ఆలస్యమవుతుంది. వయసు మళ్ళినవారికి చేతులు వణకడం, నడక మందగించడం కూడా రావచ్చు.

ఆలస్యం చేయరానివి

తల తిరగడంతోపాటు మాట ముద్దగా రావడం, ఒక చెయ్యి లేదా కాలు పట్టు తప్పడం, ఒకటి రెండుగా కనిపించడం, నిలబడనే లేకపోవడం ఉంటే అది పక్షవాతం కావచ్చు. 108కి ఫోన్ చేయాలి. చెవి కారుతున్న మనిషికి మూతి ఒక పక్కకు పోయినా, చెవి వెనుక వాచినా, జ్వరంతో విపరీతమైన తలనొప్పి వచ్చినా అదే రోజు పెద్దాస్పత్రికి చేరాలి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే "గుబిలి ఉందేమో" అని కూర్చోరాదు. మొదటి కొద్ది రోజుల్లో మందు పడితే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఉంది, ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

అడగవలసినవి

ఆర్.ఎం.పి.లను తిట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చేది వారే. జీడిపిక్కలు కొట్టే ఆడకూలీ చెవి చూపించుకోవడానికి విశాఖ వెళ్ళాలంటే రైలు చార్జీ, తోడు మనిషి, రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి. సెలైన్ అయితే ఇంటి అరుగు మీదే ఎక్కుతుంది. మనిషి దగ్గరున్న దారినే పోతాడు. అందుకే మంచి దారిని దగ్గరికి తీసుకురావాలని అడుగుతున్నాం.

పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఏళ్ళ తరబడి ఉద్దానం పడ్డ ఆవేదనకు అది ఫలితం. అడగ్గా అడగ్గా కిడ్నీకి వచ్చినట్టే, చెవికీ అడగాలి. చెవుడు నివారణకు జాతీయ కార్యక్రమం 2007లోనే మొదలయింది. గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాలు ఇవ్వవలసిన 12 రకాల సేవల్లో చెవి, ముక్కు, గొంతు వైద్యం కూడా ఉంది. కాగితం మీద ఉన్నదాన్నే ఊళ్ళో చూపించమంటున్నాం.

పలాస, సోంపేట, టెక్కలి ప్రభుత్వాస్పత్రుల్లో చెవి డాక్టరు ఏ రోజున చూస్తారో ప్రతి పంచాయతీ బోర్డు మీద రాయాలి. ఆ రోజు తప్పకూడదు. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చెవిలోకి చూసే దీపం ఉండాలి. దాన్ని వాడటం నర్సులకు, ఆరోగ్య కార్యకర్తలకు నేర్పాలి. డయాలసిస్ రోగులకు ఏడాదికి ఒకసారైనా వినికిడి, తూకం పరీక్ష చేయాలి. ఆర్.ఎం.పి.లను పిలిచి, ఏ ఇంజక్షన్ చెవిని పాడుచేస్తుందో, ఏ బిళ్ళ కిడ్నీని పాడుచేస్తుందో తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. నొప్పి బిళ్ళలను, ఈ ఇంజక్షన్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్న నిబంధనను మందుల షాపుల్లో అమలు చేయించాలి.

మన వంతు పని కూడా ఉంది. చెవి కారే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, "పెద్దయితే తగ్గుతుందిలే" అనకుండా ఈ నెలలోనే డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ అవసరమంటే ఎన్టీఆర్ వైద్యసేవ కింద వస్తుందో లేదో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. మా చిన్నాన్న చెవిని ఆయన పదేళ్ళ వయసులో ఎవరైనా చూసి ఉంటే, ఇవాళ ఆయన రెండు చెవులతో వినేవాడు, క్రియాటినిన్ చీటీ జేబులో పెట్టుకుని తిరిగే అవసరం కూడా తప్పేదేమో. ఆయన ఇప్పుడు కొబ్బరిచెట్టు ఎక్కడం మానేశాడు. తోటకు మాత్రం రోజూ వెళ్తున్నాడు. ఎవరు తల తిరుగుతోందన్నా మొదట అడిగే మాట ఒకటే: "సెవి సూపించుకున్నావేటి?"